దానియేలు దర్శనాల్లోని మృగాలు, కొమ్ములు, లెక్కలు: పండితులు చదివే పద్ధతిలో మీరే చదవడం ఎలా?

పశ్చిమాసియాలో యుద్ధం అన్న వార్త వస్తే చాలు, బైబిల్లోని దానియేలు గ్రంథం గురించి నాకు ఒకే రకం ప్రశ్నలు మొదలవుతాయి. "ఆ నాలుగో మృగం ఏ దేశమండీ?", "పది కొమ్ములంటే యూరప్ దేశాలేనా?", "డెబ్బై వారాల లెక్క ఇప్పుడు ఎందాకా వచ్చింది?" ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పీ చెప్పీ, చివరికి జవాబు వెతుక్కునే దారే చూపిస్తే మేలనిపించింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇంకో రెండు సాయంత్రాలు కేటాయించగలిగితే ఈ పని మీరే చేయవచ్చు. హీబ్రూ రానక్కర్లేదు.

ముందే ఒక మాట. ఇది నమ్మకాన్ని వదులుకోమని చెప్పే వ్యాసం కాదు. దానియేలు గ్రంథం క్రీ.పూ. 6వ శతాబ్దంలోనే రాశారని నమ్మేవాళ్లు ఈ దేశంలో లక్షల్లో ఉన్నారు, మా ఇంట్లోనూ ఉన్నారు. ఈ పద్ధతి అడిగేది ఒక్కటే: ఈ దర్శనాలను మొదట చేతిలో పట్టుకుని చదివినవాళ్లు ఎవరు, వాళ్లకు ఇవి ఏం చెప్పాయి? ఆ ప్రశ్నకు జవాబు దొరికాక మన కాలానికి ఏం తీసుకోవాలన్నది మీ ఇష్టం.

కావలసినవి

- పాత తెలుగు బైబిలు ఒకటి, ఈ కాలపు వాడుక భాషలో ఉన్న అనువాదం ఇంకొకటి. రెండూ పక్కపక్కన ఉండాలి.
- మక్కబీయుల గ్రంథాలు (క్రీ.పూ. 2వ శతాబ్దంలో గ్రీకు రాజు అణచివేతకు యూదులు ఎదురుతిరిగిన చరిత్ర). ఇవి కథోలికుల తెలుగు బైబిల్లో ఉంటాయి. మీ దగ్గర లేకపోతే తెలిసిన కథోలికుల ఇంట్లో అడిగి తెచ్చుకోండి. ఇవి లేకుండా ఈ పని సగమే అవుతుంది.
- అలెగ్జాండరు తర్వాత ఈజిప్టును ఏలిన టోలెమీల జాబితా, సిరియాను ఏలిన సెల్యూకస్ వంశపు రాజుల జాబితా, వాళ్ల తేదీలతో. ఏ ప్రాచీన చరిత్ర పుస్తకంలోనైనా దొరుకుతుంది.
- గీతలున్న నోటుపుస్తకం, పెన్సిలు, రబ్బరు. పెన్ను వద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

హనోకు గ్రంథం, నాలుగో ఎజ్రా (ఇలాంటి దర్శనాలే ఉన్న ప్రాచీన యూదు రచనలు) కూడా ఉంటే మంచిది. వీటికి పాత ఇంగ్లీషు అనువాదాలు ఉచితంగా దొరుకుతాయి. మొదటి విడతకు మాత్రం దానియేలు ఒక్కటి చాలు.

1. చేతిలో ఉన్నది ఏ రకం రచనో ముందు తేల్చుకోండి

యూదుల హీబ్రూ బైబిల్లో దానియేలు ప్రవక్తల వరుసలో ఉండదు, "రచనలు" అనే మూడో భాగంలో ఉంటుంది. గ్రీకు బైబిలు దాన్ని ప్రవక్తల్లో చేర్చింది, మనకు వచ్చిందీ ఆ వరుసే. యెషయానో ఆమోసునో చదివినట్టు దీన్ని చదివితే మొదటి అడుగే పక్కకు పడుతుంది. ప్రవక్త "ప్రభువు సెలవిచ్చుచున్నాడు" అంటాడు. ఇక్కడ అలా ఉండదు. మనిషికి దర్శనం కలుగుతుంది, అర్థం కాక కలవరపడతాడు, దేవదూత వచ్చి విప్పి చెబుతాడు. ఒక కథ చట్రం, పరలోకం నుంచి వచ్చిన మధ్యవర్తి, రాబోయే అంతం గురించీ కంటికి కనబడని లోకం గురించీ మర్మం. 1979లో జాన్ కాలిన్స్ నాయకత్వంలో కొందరు పండితులు కూర్చుని ఈ రకం దర్శన గ్రంథాలకు (ఇంగ్లీషులో "అపోకలిప్స్") ఇచ్చిన నిర్వచనపు సారం దాదాపు ఇదే. సిద్ధాంతం ఇంతకు మించి అక్కర్లేదు.

ఇంకొకటి గమనించండి. 1 నుంచి 6 అధ్యాయాలు రాజాస్థానపు కథలు: అగ్నిగుండం, సింహాల గుహ, గోడ మీద రాసిన చెయ్యి. 7 నుంచి 12 వరకు దర్శనాలు. మీ పని రెండో సగంతో.

2. ఒక్క దర్శనమే తీసుకుని, రెండు వరుసలు గీయండి

8వ అధ్యాయంతో మొదలుపెట్టండి. అందరూ 7తో మొదలుపెట్టి అక్కడే చిక్కుకుంటారు. 8లో దూత స్వయంగా పేర్లు చెబుతాడు కాబట్టి చెయ్యి తిరుగుతుంది.

పేజీ మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు చూసినవి, కుడివైపు దూత చెప్పిన అర్థాలు. రెండు కొమ్ముల పొట్టేలు, ఎదురుగా మాదీయుల, పారసీకుల రాజులు (8:20). మేకపోతు, ఎదురుగా గ్రేకుల రాజు (8:21). దాని కన్నుల మధ్య ఉన్న పెద్ద కొమ్ము, ఎదురుగా మొదటి రాజు. అది విరిగి నాలుగు కొమ్ములు మొలిచాయి, ఎదురుగా నాలుగు రాజ్యాలు. గ్రీకుల మొదటి మహారాజు అలెగ్జాండరు క్రీ.పూ. 323లో చనిపోయాడు, రాజ్యాన్ని సేనాపతులు పంచుకున్నారు. ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు.

ఇప్పుడు కుడివైపు ఖాళీగా మిగిలినవి చూడండి. 8:9లోని చిన్న కొమ్ము పేరు దూత చెప్పడు, గుణాలు మాత్రం చెబుతాడు. ఆ ఖాళీని ఇప్పుడే పూరించకండి. ఇక్కడే పెన్సిలు అవసరం పడేది.

జాగ్రత్త: దూత చెప్పిన అర్థం పక్కన "దూ" అని, చరిత్రతో సరిచూసి మీరు రాసుకున్న దాని పక్కన "చ" అని, ఊహించిన దాని పక్కన "ఊ" అని గుర్తు పెట్టండి. నెల తర్వాత తిరగేసినప్పుడు ఏది గ్రంథం మాటో, ఏది మీ మాటో తెలియాలంటే ఇంతకంటే సులువైన మార్గం నాకు తెలీదు.

3. తెలుగు మాటలను తూచి చూడండి

మన పాత అనువాదం అందమైనది, నేను పెరిగిందే ఆ భాషలో. కానీ కొన్ని మాటలు ఈ వందేళ్లలో అర్థం మార్చుకున్నాయి. నాలుగు చోట్ల తప్పక ఆగండి.

"గ్రంథమును ముద్రింపుము" (12:4). ఇది అచ్చు వేయమని కాదు, ముద్ర వేసి మూసిపెట్టమని. "దానియేలుకు అచ్చుయంత్రం గురించి ముందే తెలుసు" అని ఒక కూటంలో చెప్పగా నేనే విన్నాను. పాపం, ఆ మాట చెప్పినాయన్ను తప్పుపట్టలేం, ఈ రోజుల్లో ముద్రణ అంటే అచ్చే కదా.

"డెబ్బది వారములు" (9:24). హీబ్రూ మాటకు "ఏడేసి" అని అర్థం. ఇక్కడ ఏడు రోజుల వారం కాదు, ఏడేళ్ల వారం. లేవీయకాండం 25లో భూమికి ఏడో ఏట విశ్రాంతి ఇచ్చే లెక్క తెలిసినవాళ్లకు ఇది వెంటనే తడుతుంది.

"సిరియాబాష" (2:4). అంటే అరామిక్. అక్కడి నుంచి 7వ అధ్యాయం చివరిదాకా మూలం అరామిక్‌లో ఉంటుంది, 8 నుంచి మళ్లీ హీబ్రూ. అనువాదంలో ఈ అతుకు కనబడదు కాబట్టి 8:1 దగ్గర పెన్సిలుతో ఒక గీత గీసుకోండి. ఈ గ్రంథం ఒక్క దఫాలో రాసింది కాకపోవచ్చని, ఆస్థాన కథలు దర్శనాలకంటే పాతవని పండితులు అనడానికి దొరికే ఆధారాల్లో ఈ అతుకూ ఒకటి.

"మనుష్యకుమారునిపోలిన యొకడు" (7:13). అరామిక్‌లో ఆ పలుకుబడికి "మనిషిలాంటివాడు" అని అర్థం. ముందు వచ్చినవన్నీ సింహంలాంటివి, ఎలుగుబంటిలాంటివి, చిరుతలాంటివి. వాటి తర్వాత మనిషిలాంటివాడు వస్తాడు. ఆ ఎదురుబొదురు పట్టుకుంటే అధ్యాయంలో సగం తెరుచుకుంటుంది.

4. 11వ అధ్యాయాన్ని చరిత్ర పక్కన పెట్టండి

ఒక్క అడుగే వేసే ఓపిక ఉంటే ఇది వేయండి. 11వ అధ్యాయంలో మృగాలు లేవు. ఉత్తరదేశపు రాజు, దక్షిణదేశపు రాజు అని పేర్లు లేకుండా సాగే చరిత్ర ఉంటుంది. యూదయకు ఉత్తరాన సిరియా సెల్యూకస్ వంశానిది, దక్షిణాన ఈజిప్టు టోలెమీలది. మీ జాబితాలు ముందుంచుకుని వచనం వచనం పోల్చండి.

2వ వచనంలో పారసీక సామ్రాజ్యం, దాదాపు 200 ఏళ్లు, ఒక్క వచనంలో అయిపోతుంది. 3, 4 వచనాల్లో అలెగ్జాండరు, అతని రాజ్యం నాలుగు దిక్కులకు చీలిపోవడం. 6లో దక్షిణదేశపు రాజు కుమార్తె ఉత్తరదేశానికి కోడలిగా వెళ్తుంది: రెండో టోలెమీ కూతురు బెరెనికేను రెండో అంతియోకసుకు ఇచ్చారు. ఆమెనూ బిడ్డనూ చంపేశారు. 7, 8లో ఆమె వేళ్లలోంచి పుట్టిన చిగురు పగ తీర్చుకుంటాడు, ఆమె సోదరుడు మూడో టోలెమీ అలాగే సిరియా మీద దండెత్తాడు. 11లో రఫియా యుద్ధం, క్రీ.పూ. 217. 17లో మూడో అంతియోకసు తన కూతురు క్లియోపాత్రాను అయిదో టోలెమీకి ఇచ్చి పెళ్లి చేస్తాడు (అందరికీ తెలిసిన క్లియోపాత్రా ఈమె కాదు, ఆ వంశంలో చాలా ముందుది). 18లో ఒక అధిపతి అతని గర్వం అణచేస్తాడు: క్రీ.పూ. 190లో మగ్నీషియా దగ్గర రోమన్లు అతన్ని ఓడించారు. 20లో పన్నులు పిండేవాణ్ణి పంపిన నాలుగో సెల్యూకస్.

21 నుంచి నాలుగో అంతియోకసు, బిరుదు ఎపిఫానెస్, క్రీ.పూ. 175లో గద్దెనెక్కాడు. ఇక్కడినుంచి కథ నడక పూర్తిగా మారిపోతుంది, మీ నోటుపుస్తకంలోనే అది కనబడుతుంది. వచనాలు లెక్కపెట్టండి. పారసీకులకు ఒకటి. 5 నుంచి 20 వరకు సుమారు 130 ఏళ్లకు 16 వచనాలు. 21 నుంచి 45 వరకు, ఒక్క రాజుకు, పదకొండేళ్లకు, 25 వచనాలు. దూరపు కొండలు నున్నగా కనబడతాయి, దగ్గరికొచ్చేకొద్దీ రాళ్లూ ముళ్లూ లెక్కకొస్తాయి. రచయిత దేనికి దగ్గరగా నిలబడ్డాడో ఈ లెక్కే చెబుతోంది.

30వ వచనం దగ్గర కాస్త ఆగండి. "కిత్తీయుల ఓడలు" (అంటే రోమన్లవి) వచ్చినందున ఉత్తరదేశపు రాజు వెనుదిరుగుతాడు. క్రీ.పూ. 168లో జరిగింది ఇది: అంతియోకసు ఈజిప్టును దాదాపు గెలుచుకుని అలెగ్జాండ్రియా పొలిమేరకు చేరాడు. రోము రాయబారి పొపిలియస్ లేనాస్ ఎదురొచ్చాడు. రాజు చెయ్యి చాపితే చెయ్యి కలపలేదు, సెనేటు ఆజ్ఞాపత్రం చేతికిచ్చి చదవమన్నాడు. ఆలోచించి చెబుతానన్నాడు రాజు. పొపిలియస్ చేతికర్రతో రాజు చుట్టూ నేల మీద ఒక గిరి గీసి, ఈ గిరి దాటకముందే జవాబు చెప్పమన్నాడు. అంతటి రాజు తల వంచి ఈజిప్టు వదిలి వెళ్లాడు. గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ రాసిపెట్టిన సంగతి ఇది. ఆ అవమానంతో తిరిగి వెళ్తూ పరిశుద్ధ నిబంధన మీద కోపం చూపించాడని అదే 30వ వచనం అంటుంది.

31లో నిత్యబలి ఆగిపోతుంది, నాశనం కలుగజేసే హేయమైన వస్తువు నిలబడుతుంది. ఇప్పుడు మక్కబీయుల మొదటి గ్రంథం 1:54 తెరవండి. అదే పలుకుబడి, అదే సంఘటన, తేదీతో సహా. మన లెక్కలో క్రీ.పూ. 167 డిసెంబరు. ఆ అధ్యాయమంతా చదవండి: సున్నతి చేయిస్తే మరణశిక్ష, ఇంట్లో ధర్మశాస్త్రపు ప్రతి దొరికితే మరణశిక్ష. 8:9 దగ్గర ఖాళీగా వదిలిన చిన్న కొమ్ముకు ఎదురుగా ఇప్పుడు ఈ రాజు పేరు రాసి, "చ" గుర్తు పెట్టండి.

5. లెక్క ఎక్కడ తప్పుతుందో పట్టుకుని, అక్కడ గీత గీయండి

39వ వచనం దాకా చరిత్ర గ్రంథానికి చేదోడుగా నడుస్తుంది. 40 నుంచి చెయ్యి వదిలేస్తుంది. రాజు మళ్లీ ఈజిప్టును జయిస్తాడని, సముద్రాలకూ పరిశుద్ధ పర్వతానికీ మధ్య డేరా వేసి అక్కడ అంతమవుతాడని 40–45 చెబుతాయి. నాలుగో అంతియోకసు మూడోసారి ఈజిప్టుకు వెళ్లలేదు, క్రీ.పూ. 164 చివర్లో పారసీక దేశంలో చనిపోయాడు. అందుకే పండితులు ఈ దర్శనాలు 167కూ 164కూ మధ్య ఈ రూపం తీసుకున్నాయంటారు.

ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. క్రీ.శ. 3వ శతాబ్దంలోనే పొర్ఫిరీ అనే తత్త్వవేత్త ఈ మాటన్నాడు. అతనికి జవాబుగా 407లో వ్యాఖ్యానం రాసిన క్రైస్తవ పండితుడు జెరోము కూడా 20వ వచనం దాకా తమ ఇద్దరికీ తేడా లేదని ఒప్పుకున్నాడు. పేచీ అక్కణ్ణుంచే. 21 తర్వాత చెప్పింది అంత్యక్రీస్తు గురించి అన్నాడాయన. సంప్రదాయ పాఠకుల్లో చాలామంది ఇప్పటికీ 36 లేదా 40 దగ్గర వేల ఏళ్లు దూకి అంత్యదినాలకు వెళ్తారు. మీరూ దూకవచ్చు. కాకపోతే దూకమని చెప్పే మాట వచనంలో ఉందా, మనం తెచ్చామా అన్నది నోటుపుస్తకంలో నిజాయితీగా రాసుకోండి.

ఈ పద్ధతి మనకు పరాయిదేమీ కాదు. మన పురాణాల్లో రాజవంశాల వరుస భవిష్యత్కాలంలో ఉంటుంది. నందులు ఏలుతారు, మౌర్యులు ఏలుతారు, ఆంధ్రులు ఏలుతారు అని భాగవతంలో శుకుడు పరీక్షిత్తుకు చెబుతాడు. శాతవాహనుల కాలాన్ని లెక్కగట్టే చరిత్రకారులు ఈ పురాణ జాబితాలనే ముందుపెట్టుకుంటారు. వాయుపురాణంలో ఆ వరుస గంగ ఒడ్డున ప్రయాగ, సాకేతం, మగధ ఏలే గుప్తుల దగ్గరికొచ్చి ఆగుతుంది. సముద్రగుప్తుడి మహాసామ్రాజ్యం ఊసు అందులో లేదు. కనుక ఆ జాబితా గుప్తుల తొలినాళ్లలో స్థిరపడిందని లెక్క కట్టారు. దానియేలు 11 విషయంలో చేసేదీ అదే పని.

"అయితే ఇది మోసమా?" అని నన్ను అడిగినవాళ్లు చాలామంది. కాదనే నా గట్టి అభిప్రాయం. పూర్వకాలపు పుణ్యపురుషుడి పేరు మీద రాయడం ఆనాటి రచనా మర్యాద. హనోకు, ఎజ్రా, బారూకు, అబ్రాహాము, అందరి పేరు మీదా దర్శనాలున్నాయి. జరిగిన చరిత్రను దర్శనంగా చెప్పడంలో ఒక ధైర్యం ఉంది: ఇంతమంది రాజులు వచ్చారు, పోయారు, అన్నీ దేవుడి చేతిలోనే జరిగాయి, ఈ ఒక్కడు మాత్రం ఎన్నాళ్లుంటాడు? మక్కబీయుల రెండో గ్రంథం 7వ అధ్యాయం చదవండి. ఒక తల్లి కళ్లముందు ఏడుగురు కొడుకుల్ని ఒకరి తర్వాత ఒకరిని చంపుతారు. ఆ తర్వాత దానియేలు 12:2 చదవండి, ధూళిలో నిద్రించేవాళ్లు మేల్కొంటారన్న మాట. హీబ్రూ బైబిలు మొత్తంలో పునరుత్థానాన్ని ఇంత సూటిగా చెప్పిన చోటు ఇంకొకటి లేదు. ఆ మాట ఎవరి కోసం రాశారో అప్పుడు ఎవరూ వివరించక్కర్లేదు.

6. ఇప్పుడు 7వ అధ్యాయానికి తిరిగి రండి

సముద్రంలోంచి నాలుగు మృగాలు, అంటే నాలుగు రాజ్యాలు. పండితుల్లో ఎక్కువమంది వరుస: బబులోను, మాదీయ, పారసీక, గ్రీకు. సంప్రదాయ వరుస: బబులోను, మాదీయ-పారసీకం కలిపి ఒకటి, గ్రీకు, రోము. మొదటి వరుసకు ఆధారం గ్రంథంలోనే ఉంది. బెల్షస్సరు తర్వాత మాదీయుడైన దర్యావేషు (5:31), ఆ తర్వాత పారసీకుడైన కోరెషు, ఆ తర్వాత గ్రీకులు. అయితే 8:20లో పొట్టేలు ఒక్కటే, కొమ్ములు రెండు, మాదీయులూ పారసీకులూ ఒకే జంతువు. సంప్రదాయ వరుసకు ఇది బలమైన ఆధారం, దాన్ని దాచకండి. నా వరకు, చిన్న కొమ్ము 8లో గ్రీకు రాజ్యంలోంచే మొలిచింది కాబట్టి 7లోనూ నాలుగో మృగం గ్రీకే.

పది కొమ్ముల్లో ఎవరెవరు, పీకేసిన మూడు ఏవి అన్న దానిపై పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు. అక్కడ "ఊ" అని రాసి ముందుకు పోండి.

మనిషిలాంటివాడి విషయంలో మూడు దారులున్నాయి. పరిశుద్ధుల ప్రజ మొత్తానికి గుర్తు అని ఒకటి (7:18, 27 చూడండి). మిఖాయేలు దూత అని ఇంకొకటి (10:13, 12:1 చూడండి). రాబోయే అభిషిక్తుడని మూడోది, హనోకు గ్రంథపు ఉపమానాల భాగమూ క్రైస్తవులూ నడిచిన దారి అది. మూడింటికీ వచనాలు రాసుకున్నాకే ఒకటి ఎంచుకోండి.

బొమ్మల మూలం కూడా చూడాలి. 1895లో హెర్మన్ గుంకెల్ ఈ సముద్రం, ఈ మృగాలు సృష్టి నాటి పాత పోరాట కథల్లోంచి వచ్చాయన్నాడు. ఆయన చూపిన మూలాలు బబులోనువి. తర్వాత సిరియా తీరంలోని ఉగారిత్‌లో 1929 నుంచి దొరికిన మట్టిపలకల్లో తెల్లగడ్డపు పెద్ద దేవుడు ఏల్, మేఘాలనెక్కి వచ్చే దేవుడు బాలు (మన బైబిల్లోని బయలు) కనబడ్డారు. బాలు సముద్రాన్ని ఓడించి రాజవుతాడు. ఇప్పుడు మన 7:9లోని "మహావృద్ధుడు", 7:13లోని "ఆకాశమేఘారూఢుడై" అన్న మాటలు మళ్లీ చదవండి. పాత కనాను బొమ్మను తీసుకుని యూదు రచయిత తన దేవుడి తీర్పుకు పీట వేశాడు.

7. సంఖ్యల దగ్గర తొందరపడకండి

యిర్మీయా 70 ఏళ్లన్నాడు (25:11, 29:10). దానియేలు 9లో గబ్రియేలు దాన్ని 70 వారాలుగా, అంటే 490 ఏళ్లుగా విప్పుతాడు. కాగితం మీద కట్టి చూడండి. దేవాలయం కూలిన క్రీ.పూ. 586 నుంచి మొదటి 7 వారాలు, 49 ఏళ్లు: యూదులు తిరిగి వెళ్లవచ్చన్న కోరెషు ఆజ్ఞ దాకా చక్కగా వస్తుంది. చివరి ఒక్క వారం: ప్రధానయాజకుడు మూడో ఓనియాసు హత్య క్రీ.పూ. 171 ప్రాంతంలో, దేవాలయ శుద్ధి 164లో, ఏడేళ్లు. సగం వారంలో బలి ఆగడం 167. ఇదీ సరిపోతుంది. మధ్యలోని 62 వారాలు, 434 ఏళ్లు, మాత్రం సరిపోవు, సుమారు 70 ఏళ్లు ఎక్కువ వస్తాయి. రెండు చివర్లూ కుదిరి మధ్య సాగిందంటే ఇది గడియారపు లెక్క కాదు, ఏడు ఏడులుగా పేర్చిన పవిత్ర లెక్క. క్రైస్తవ సంప్రదాయం 9:26లోని అభిషిక్తుణ్ణి యేసుగా చదువుతుంది. ఆ లెక్కలో కూడా ఎక్కడ మొదలుపెట్టాలో ఎంచుకోక తప్పదు, దాన్నీ పైకే రాసుకోండి.

8:14లోని 2300 అస్తమయాలు ఉదయాలను పూటలుగా పంచితే 1150 రోజులు, మూడేళ్లకు కాస్త పైన. 12:11లో 1290 రోజులు, 12:12లో 1335 రోజులు. అనుకున్న రోజు దాటిపోతే తర్వాతి అంకె చేర్చారని కొందరు పండితుల ఊహ. నాకిది సబబుగానే కనబడుతుంది, కానీ "ఊ" గుర్తే పెట్టుకున్నాను.

తరచూ జరిగే తప్పులు

మొదటిది, వార్తాపత్రికతో మొదలుపెట్టడం. మా అమ్మమ్మ బైబిల్లో 7వ అధ్యాయం పక్కన పది పేర్లు పెన్సిలుతో రాసి ఉన్నాయి. చెరిపి రాసినవి, మళ్లీ చెరిపి రాసినవి. ఆ చోట కాగితం పలచబడి వెనక పేజీ అక్షరాలు కనబడుతున్నాయి. ఆమె భక్తి నాకు తెలుసు కాబట్టి ఆ పేజీ చూసినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది. అమెరికాలో విలియం మిల్లర్ 2300 రోజుల్ని 2300 ఏళ్లుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్కించి, క్రీస్తు 1843–44లో వస్తాడన్నాడు. చివరికి 1844 అక్టోబరు 22న వేలమంది ఎదురుచూశారు. మరునాడు ఉదయం వాళ్లు పడిన బాధకు చరిత్రలో "మహా నిరాశ" అనే పేరే మిగిలింది.

రెండోది, ప్రకటన గ్రంథాన్ని తెచ్చి దానియేలు మీద పరచడం. యోహాను ప్రకటన దానియేలును చదివి రాసింది. దానియేలు ప్రకటనను చదవలేదు. 13వ అధ్యాయంలో యోహాను నాలుగు మృగాలనూ కలిపి ఒకే మృగం చేశాడు, తన కాలపు రోము కోసం.

మూడోది, "కొమ్ము అంటే ఎక్కడైనా రాజే" అన్నట్టు గుర్తుల నిఘంటువు తయారుచేసుకోవడం. పొట్టేలు దానియేలులో శత్రు సామ్రాజ్యం. దాదాపు అదే కాలంలో రాసిన హనోకు 85–90 అధ్యాయాల్లో గొర్రెలు ఇశ్రాయేలీయులు, పెద్ద కొమ్మున్న పొట్టేలు అంతియోకసు మీద తిరగబడ్డ యూదా మక్కబీయుడు. ఆ యోధుడి మీద హనోకు రచయితకు అంత ఆశ ఉంటే, దానియేలు 11:34 అతని వాళ్లను బహుశా "కొంచెం సహాయం" అని మాత్రమే అంటోంది. ఒకే కష్టకాలంలో రెండు గుంపులు ఎంత వేరుగా ఆలోచించాయో చూడండి.

నాలుగోది, చరిత్ర తేదీ దొరికింది కదా అని పుస్తకం మూసేయడం. తేదీ తలుపు మాత్రమే, ఇల్లు లోపలుంది.

సరిగ్గా చేశారో లేదో ఇలా చూసుకోండి

మీ వివరణను ఒక పేరా రాసి, క్రీ.పూ. 165లో యెరూషలేములో దాక్కున్న ఒక యూదు కుటుంబానికి చదివి వినిపిస్తున్నట్టు ఊహించండి. వాళ్లకు తెలియని దేశం, యంత్రం, సంస్థ అందులో ఒక్కటి ఉన్నా దాన్ని కొట్టేసి మళ్లీ రాయండి.

పేజీలో "దూ", "చ", "ఊ" గుర్తులు లెక్కపెట్టండి. "ఊ"లు సగం దాటితే వేరే దర్శనం తీసుకోవడం మంచిది, లేదా 4వ అడుగుకు వెనక్కి వెళ్లండి.

మీతో ఒప్పుకోనివాళ్ల వాదాన్ని, వాళ్లే విని "అవును, మేమనేది ఇదే" అనేలా రెండు వాక్యాల్లో చెప్పగలరా? 8:20 విషయంలో ఈ పరీక్ష చేసి చూడండి.

చివరిగా, గ్రంథానికి మొదటి పాఠకులు ఎలా చదివారో పోల్చండి. మృత సముద్రం పక్కనున్న కుమ్రాను గుహల్లో దానియేలు గ్రంథం 8 ప్రతుల ముక్కలు దొరికాయి, ఒకటి క్రీ.పూ. 2వ శతాబ్దం చివరిది. రాసిన కొన్ని దశాబ్దాలకే దీన్ని ఎంత ప్రాణంగా దాచుకున్నారో దాన్ని బట్టి తెలుస్తుంది. క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని కాల్చేశాక, ఆ శతాబ్దం చివర్లో వచ్చిన నాలుగో ఎజ్రా ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. 12:11–12లో దూత ఎజ్రాతో అంటాడు: నీవు చూసిన గద్ద నీ సహోదరుడైన దానియేలు చూసిన నాలుగో రాజ్యమే, కానీ నేనిప్పుడు నీకు వివరిస్తున్నట్టు అతనికి వివరించలేదు. అర్థం మారుస్తున్నామని దాచకుండా, తలెత్తి చెప్పి మార్చారు. రోము కూడా నాలుగో మృగం అయింది ఆ బాధలోంచే.

మీ తర్వాతి అభ్యాసం ఆ గద్దే. నాలుగో ఎజ్రా 11, 12 అధ్యాయాలు. పన్నెండు రెక్కలు, మూడు తలలు. రెండు వరుసల పేజీ గీయండి. పక్కన వెస్పాసియన్ 69–79, టైటస్ 79–81, డొమిషియన్ 81–96 అని రాసుకుని తలల దగ్గర మొదలుపెట్టండి. మధ్య తల ఎలా చనిపోయిందో 12:26లో, మిగిలిన రెండింటికీ ఏమవుతుందో 12:27–28లో ఉంటుంది. గీత ఎక్కడ గీయాలో ఈసారి నన్నడగకుండా మీరే గీయండి. పెన్సిలుతోనే.